గాయం, వయస్సు, కర్తవ్యం: కర్నల్ సి.కె. నాయుడు జీవితగాథ

క్రీడాకారునికి శరీరమే మూలధనం. ఆ మూలధనానికి దెబ్బ తగిలినప్పుడు, లేదా వయస్సు దానిని క్రమక్రమంగా కరిగించినప్పుడు, ప్రతి క్రీడాకారుని ఎదుట ఒక కఠినమైన ప్రశ్న నిలుస్తుంది. సంపాదించుకున్న కీర్తితో తృప్తిపడి మైదానం విడిచి వెళ్ళడమా? గాయాన్ని ఓర్చుకొని మళ్ళీ బరిలో దిగడమా? చాలామంది జీవితంలో ఈ ప్రశ్న ఒక్కసారే వస్తుంది. భారత క్రికెట్ టెస్టు జట్టుకు తొలి నాయకుడైన కర్నల్ సి.కె. నాయుడు జీవితంలో మాత్రం అది మూడు నాలుగుసార్లు వచ్చింది. ముప్పై ఆరవ ఏట వచ్చింది, నలభయ్యవ ఏట వచ్చింది, యాభై ఆరవ ఏట కూడా వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఆయన చెప్పిన సమాధానమేమిటో, ఆ సమాధానం వెనుకనున్న మనస్తత్వమేమిటో తెలుసుకోవడం విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు ఎంతో ఉపయోగకరం.

వంశం, బాల్యం

సి.కె. అనే పొడి అక్షరాల వెనుక అచ్చమైన తెలుగు పేరు దాగి ఉంది. ఆయన పూర్తి పేరు కొట్టారి కనకయ్య నాయుడు. పూర్వీకులది మచిలీపట్నం ప్రాంతం. తాతగారైన నారాయణస్వామి నాయుడుగారు న్యాయవాద వృత్తిలో రాణించి, నాగపూరులో స్థిరపడి, అక్కడ పలుకుబడి గల కుటుంబాన్ని నిలబెట్టారు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడుగారు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రం చదివారు. క్రికెట్ ప్రపంచాన్ని తన బ్యాటుతో ముగ్ధం చేసిన రంజిత్‌సింహజీకి ఆయన అక్కడ సమకాలికులు. అందువల్ల ఆ ఇంట చదువుకు ఎంత గౌరవం ఉండేదో, క్రీడలకూ అంత గౌరవం ఉండేది.

కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూరులో జన్మించారు. ఏడేళ్ళ ప్రాయంలోనే బ్యాటు చేతపట్టారు. హిస్లాప్ ఉన్నత పాఠశాలలో చదివే రోజులలో ఆ పాఠశాల జట్టుకు నాయకత్వం వహించారు. తమ్ముడు సి.ఎస్. నాయుడు కూడా అన్న అడుగుజాడలలో నడిచి టెస్టు క్రికెటరు అయ్యారు. తెలుగునేలకు దూరంగా పుట్టి పెరిగినప్పటికీ ఇంటిపేరును, వంశగౌరవాన్ని ప్రపంచ పటం మీద నిలిపిన అన్నదమ్ములు వారు.

ఆరడుగులకు పైబడిన ఎత్తు, నిటారైన నడక, బలమైన భుజాలు, పదునైన చూపు. ఇవి ఆయనకు ప్రకృతి ఇచ్చిన వరాలు. ఆ వరాలను ఆయన క్రమశిక్షణతో పోషించుకున్నారు. యాభై ఏళ్ళు దాటిన తరువాత కూడా పరుగెత్తి బంతిని ఆపగలిగారంటే, దానికి పునాది యౌవనంలో అలవరచుకున్న నియమబద్ధమైన జీవితమే.

కీర్తి శిఖరానికి

1916లో బొంబాయిలో జరిగిన చతుర్ముఖ పోటీలలో హిందూ జట్టు పక్షాన, యూరోపియన్ జట్టుకు ఎదురుగా ఆయన తొలి ప్రథమశ్రేణి ఆట ఆడారు. హిందూ జట్టు 79 పరుగులకు 7 వికెట్లు పోగొట్టుకొని కష్టాలలో ఉన్నది. మొదటి మూడు బంతులను నింపాదిగా అడ్డుకున్న ఆ యువకుడు నాలుగవ బంతిని సిక్సరుగా మలచారు. ఆయన ఆటకు అదే తొలి సంతకం. భయపడడానికి అన్ని కారణాలూ ఉన్నచోట భయపడకుండా నిలవడమే ఆయన స్వభావమని ఆనాడే తేలిపోయింది.

మద్రాసు ప్రజలకు కూడా ఆయన సుపరిచితులు. సంక్రాంతి రోజులలో చేపాక మైదానంలో ఏటేటా భారతీయులకు, యూరోపియన్లకు మధ్య ప్రెసిడెన్సీ పోటీ జరిగేది. తెలుగువారైన బుచ్చిబాబు నాయుడుగారు నాటిన విత్తనం ఫలితంగా మద్రాసులో భారతీయుల క్రికెట్ ఎదిగిన కాలమది. 1920 దశకంలో ఆ పోటీలలో నాయుడుగారు కొట్టిన సిక్సర్లు మైదానపు హద్దులు దాటి ఎక్కడ పడ్డాయో పెద్దలు చాలాకాలం కథలుగా చెప్పుకొనేవారు.

1923లో ఇందూరు సంస్థానాధీశుడైన హోల్కర్ మహారాజా ఆయనను తన సంస్థానానికి ఆహ్వానించి సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. తరువాతి కాలంలో కర్నల్ హోదా లభించింది. అది మొదలు జీవితాంతం ఇందూరే ఆయన నివాసమైంది.

1926 శీతకాలంలో ఆర్థర్ గిలిగన్ నాయకత్వంలో ఇంగ్లండు నుండి ఎం.సి.సి. జట్టు మన దేశానికి వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో ఆ జట్టులోని గై ఎర్ల్ 8 సిక్సర్లతో శతకం సాధించి ప్రేక్షకులను అబ్బురపరచారు. డిసెంబరు 1న నాయుడుగారు హిందూ జట్టు పక్షాన బరిలో దిగారు. రెండు గంటలు గడవకముందే 153 పరుగులు చేశారు. అందులో సిక్సర్లే 11. వార్త నగరమంతా పాకడంతో జనం పనులు మానుకొని మైదానానికి పరుగులు తీశారు. చుట్టుపక్కల మేడలమీద, చెట్లమీద కూడా మనుషులే కనిపించారు. పాలకుల జట్టును పాలితుడు బాహాటంగా ఓడించగలడని సామాన్యులకు తోచిన రోజులలో అదొకటి. భారతదేశానికి టెస్టు హోదా ఇవ్వదగునన్న అభిప్రాయం ఆ పర్యటన తరువాత బలపడింది. 1928లో భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడింది.

మొదటి పరీక్ష: లార్డ్స్, 1932

1932లో భారత జట్టు ఇంగ్లండు పర్యటనకు బయలుదేరింది. సంస్థానాధిపతులే నాయకత్వం వహించవలెనన్న ఆనాటి ఆచారం ప్రకారం పోరుబందరు మహారాజా కెప్టెన్‌గాను, లింబ్డి యువరాజు ఉప నాయకునిగాను నియమితులయ్యారు. తీరా టెస్టు సమయానికి నాయకత్వ బాధ్యత నాయుడుగారికి దక్కింది. జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశపు మొట్టమొదటి టెస్టు ఆట ప్రారంభమైనది. ఇంగ్లండు 19 పరుగులకే 3 వికెట్లు కోల్పోయింది. ప్రేక్షకులు విస్తుపోయారు.

అంతటి శుభారంభంలోనే నాయకునికి ఆపద వచ్చింది. ఫీల్డింగులో క్యాచ్ పట్టబోయిన సందర్భంలో ఆయన చేతికి గట్టి గాయమైనది. బ్యాట్స్‌మన్‌కు చేయి అంటే వడ్రంగికి చేయి వంటిది, వైణికునికి వేలు వంటిది. బ్యాటు పిడి బిగించి పట్టుకొన్న ప్రతిసారీ, బంతి బ్యాటుకు తగిలిన ప్రతిసారీ ఆ అదురు నేరుగా గాయంలోకే పోతుంది. ఆయన బ్యాటింగు మానుకున్నా తప్పుపట్టేవారెవరూ లేరు. అయితే అది దేశపు తొలి టెస్టు. అనుభవం తక్కువైన ఆటగాళ్ళు నాయకుని వైపే చూస్తున్నారు. ఆయన గాయపడిన చేతితోనే బరిలో దిగి 40 పరుగులు చేశారు. తొలి ఇన్నింగ్స్‌లో 189 పరుగులు చేసిన భారత జట్టులో అదే అత్యధిక స్కోరు. భారత జట్టు 158 పరుగుల తేడాతో ఓడిపోయినా, గౌరవాన్ని మాత్రం గెలుచుకొని వచ్చింది.

ఆ పర్యటనలో ఆయన విశ్రాంతి కోరుకోలేదు. ప్రథమశ్రేణి పోటీలలో 1,618 పరుగులు, 65 వికెట్లు సాధించారు. 5 శతకాలు చేశారు. మే నెలలో లార్డ్స్‌లోనే ఎం.సి.సి.పై చేసిన 118 పరుగుల అజేయ శతకం వాటిలో ఒకటి. బర్మింగ్‌హామ్‌లో ఆయన కొట్టిన ఒక సిక్సరు మైదానం ప్రక్కన ప్రవహించే రీ నదిని దాటి ప్రక్క కౌంటీలో పడినదని చెప్పుకొంటారు. 1933లో విజ్డెన్ వార్షిక గ్రంథం ఆయనను ఆ సంవత్సరపు అయిదుగురు ఉత్తమ క్రికెటర్లలో ఒకరిగా ఎన్నుకొన్నది.

రెండవ పరీక్ష: ఓవల్, 1936

1933-34లో డగ్లస్ జార్డిన్ జట్టు మన దేశానికి వచ్చినప్పుడు కూడా నాయుడుగారే కెప్టెన్. బొంబాయి టెస్టులో లాలా అమర్‌నాథ్ చేసిన 118 పరుగులు భారతీయుడు సాధించిన తొలి టెస్టు శతకం. ఆనాడు అవతలి కొసన నిలబడి 67 పరుగులతో ఆ యువకునికి అండగా నిలిచినది నాయుడుగారు.

ఇంతటి వ్యక్తికి 1936 ఇంగ్లండు పర్యటనలో నాయకత్వం దక్కలేదు. మండలి ఎన్నికలో ఆ పదవి విజయనగరం మహారాజకుమారుడైన విజయానంద గజపతిరాజుగారికి, అనగా లోకం విజ్జీగా ఎరిగిన వ్యక్తికి లభించింది. ఆటలో తనకన్నా ఎంతో తక్కువ స్థాయివాని క్రింద నాయుడుగారు సామాన్య సభ్యునిగా ఆడవలసి వచ్చింది. జట్టు రెండు వర్గాలుగా చీలింది. టెస్టులు మొదలుకాకముందే అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో స్వదేశానికి పంపివేశారు. అవమానం కూడా ఒక గాయమే. శరీరానికి తగిలిన దెబ్బకన్నా అది మానడం ఆలస్యమౌతుంది. కెప్టెన్ పదవి పోయినప్పుడు ఆట నుండి తప్పుకొనేవారు ఎందరో ఉంటారు. నాయుడుగారు తప్పుకోలేదు.

ఆ పర్యటనలో మరొక తెలుగు బిడ్డను కూడా స్మరించవలెను. బుచ్చిబాబు నాయుడుగారి కుమారుడై, కోటా వంశానికి దత్తు వెళ్ళిన సి. రామస్వామిగారు నలభై ఏళ్ళ వయస్సులో మాంచెస్టరులో తన తొలి టెస్టు ఆడి 40, 60 పరుగులు చేశారు. డేవిస్ కప్ టెన్నిస్‌లో సైతం దేశానికి ప్రాతినిధ్యం వహించిన మద్రాసు క్రీడాకారుడాయన. నలభై ఏళ్ళు అనేది ఒకరికి ముగింపుగా, మరొకరికి ప్రారంభంగా కనిపించడం ఆ పర్యటనలోని విశేషం.

ఆగస్టు నెలలో ఓవల్ మైదానంలో మూడవ టెస్టు జరిగింది. హామండ్ 217 పరుగులతో ఇంగ్లండు 8 వికెట్లకు 471 పరుగులు చేసి ఇన్నింగ్స్ ముగించింది. భారత జట్టు 222 పరుగులకే ఆలౌటై, 249 పరుగుల లోటుతో మళ్ళీ బ్యాటింగుకు దిగవలసి వచ్చింది. ఇన్నింగ్స్ తేడాతో పరాజయం ఖాయమనిపించింది. ఆ స్థితిలో నలభై ఏళ్ళు నిండి నలభై ఒకటవ ఏట అడుగిడబోతున్న నాయుడుగారు క్రీజులోకి వచ్చారు. ఇంగ్లండు కెప్టెన్ గబ్బీ అలెన్ వేసిన వేగవంతమైన బంతి ఆయన శరీరానికి బలంగా తాకింది. ఊపిరి తిరగని బాధ. నాటి బ్యాట్స్‌మన్‌కు కాళ్ళకు ప్యాడ్లు, చేతులకు పలుచని గ్లవ్స్ తప్ప తలకు, ఛాతీకి రక్షణ కవచాలు లేవు. అయినా ఆయన మైదానం వీడలేదు. బాధను దిగమింగి ఆట కొనసాగించి 81 పరుగులు చేశారు. ఆయన టెస్టు జీవితంలో అదే అత్యధిక స్కోరు, అదే చివరి టెస్టు కూడా. రామస్వామిగారు 41 పరుగులతో అజేయంగా నిలిచారు. 312 పరుగులు చేసిన భారత జట్టు ఇన్నింగ్స్ పరాజయాన్ని తప్పించుకొన్నది. ఇంగ్లండు 9 వికెట్ల తేడాతో గెలిచింది.

తనకు దక్కవలసిన నాయకత్వం మరొకరి చేతిలో ఉన్నప్పుడు, ఓటమి ముందే నిశ్చయమై ఉన్నప్పుడు, దెబ్బ తగిలిన దేహంతో ఎవరికోసం నిలబడవలెను? ఆ ప్రశ్నకు ఆయన బ్యాటుతోనే సమాధానం చెప్పారు. జట్టు విజ్జీది కాదు, దేశానిది.

నలభై ఏళ్ళ తరువాత

ఆపై ప్రపంచయుద్ధం వచ్చింది. భారత జట్టు మళ్ళీ టెస్టు ఆడినది 1946లో. అప్పటికి నాయుడుగారికి యాభై నిండింది. మొత్తం 7 టెస్టులలో 350 పరుగులు, 9 వికెట్లు. ఆయన ప్రతిభను తూచడానికి ఈ అంకెలు ఎంతమాత్రం చాలవు. భారతదేశానికి టెస్టు హోదా వచ్చేసరికే ఆయన యౌవనంలో మంచి సంవత్సరాలు గడచిపోయాయి.

ఇక్కడే ఆయన ఎదుట అసలైన ప్రశ్న నిలిచింది. దేశపు తొలి కెప్టెన్‌గా చరిత్రకెక్కిన వ్యక్తి అంతకన్నా చిన్న పోటీలలో ఆడడం చిన్నతనమా? అలా భావించేవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. నాయుడుగారు అలా భావించలేదు. పెద్ద మైదానం తలుపు మూసుకొన్నప్పుడు తన సంస్థానంలోని యువకులను తీర్చిదిద్దడానికి పూనుకొన్నారు. హోల్కర్ జట్టును ఆయన సైనిక దళంవలె తయారుచేశారు. వేళ తప్పకుండా అభ్యాసం, ఫీల్డింగులో చురుకుదనం, బాధను బయటికి చూపని నిబ్బరం ఆ జట్టు లక్షణాలయ్యాయి. ముస్తాక్ అలీ, సర్వటే, తమ్ముడు సి.ఎస్. నాయుడు వంటి వారు ఆ నీడలో ఆడినవారే. యుద్ధకాలంలో మన దేశంలో ఉన్న ఇంగ్లండు క్రీడాకారుడు డెనిస్ కాంప్టన్ సైతం 1944-45 రంజీ ఫైనల్లో హోల్కర్ పక్షాన ఆడి 249 పరుగులతో అజేయంగా నిలిచారు. అదే ఆటలో సి.ఎస్. నాయుడు 917 బంతులు వేశారు. ఒక ఆటలో అన్ని బంతులు వేసినవారు ప్రపంచంలో మరొకరు లేరు. ఓర్పు ఆ ఇంటి ఆస్తి అనడానికి ఇంతకన్నా నిదర్శనం అవసరం లేదు.

1945-46 పోటీలలో బరోడా జట్టుపై నాయుడుగారు ద్విశతకం సాధించారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళు. ఆ సంవత్సరం రంజీ ట్రోఫీ హోల్కర్‌కు దక్కింది. తరువాత 1947-48, 1950-51, 1952-53 సంవత్సరాలలో కూడా ఆ జట్టే విజేత. 1944-45 మొదలు 1952-53 వరకు తొమ్మిది సంవత్సరాలలో ఎనిమిది సార్లు ఫైనల్ చేరి, నాలుగుసార్లు గెలిచిన ఆ జట్టుకు సారథి ఆయన.

మూడవ పరీక్ష: బొంబాయి, 1951-52

ఆ ఎనిమిది ఫైనల్ పోటీలలో ఒకటి 1951-52లో బొంబాయి జట్టుతో జరిగింది. నాయుడుగారి వయస్సు 56 ఏళ్ళు. బొంబాయి పక్షాన దత్తూ ఫడ్కర్ బౌలింగు చేస్తున్నారు. భారత టెస్టు జట్టులో కొత్త బంతితో బౌలింగు ప్రారంభించే ఫడ్కర్ నాటికి మంచి వయస్సులో, మంచి వేగంతో ఉన్నారు. పైకి లేచిన ఒక బంతి నాయుడుగారి నోటికి తాకింది. రెండు పళ్ళు ఊడిపోయాయి. నోటి నుండి రక్తం కారుతున్నది. చుట్టూ ఉన్నవారు కంగారుపడి దగ్గరకు పరుగెత్తారు.

ఆయన చికిత్సకు బయటికి వెళ్ళడానికి నిరాకరించారు. పిచ్ మీద పడిన పళ్ళను బ్యాటుతో ప్రక్కకు నెట్టి మళ్ళీ ఆటకు సిద్ధమయ్యారు. తండ్రి వయస్సున్న మహాక్రీడాకారుడు రక్తసిక్తమైన ముఖంతో ఎదుట నిలబడి ఉండగా ఫడ్కర్ మనస్సు కరగడం సహజం. తరువాతి బంతులను ఆయన వేగం తగ్గించి వేశారు. నాయుడుగారు అందుకు సంతోషించలేదు. ఎప్పటివలెనే పూర్తి వేగంతో వేయవలసిందని ఫడ్కర్‌కు చెప్పారు. పోటీలో దయ చూపడం ఎదుటివాని సామర్థ్యాన్ని తక్కువచేయడమేనని ఆయన విశ్వాసం. తనకు సానుభూతి వద్దు, సమానత్వం కావాలని ఆయన కోరుకున్నారు.

ఆ సంవత్సరం ట్రోఫీ బొంబాయికే దక్కింది. యాభై ఆరేళ్ళ వయస్సులో పళ్ళు పోగొట్టుకొని, ఓటమిని చవిచూసిన నాయకుడు అంతటితో విరమించుకొన్నా లోకం జేజేలు పలికి సాగనంపేది. ఆయన మరుసటి సంవత్సరం తిరిగి వచ్చారు. 1952-53లో కలకత్తాలో బెంగాల్ జట్టును ఓడించి హోల్కర్‌కు నాలుగవసారి ట్రోఫీ సాధించిపెట్టారు. అటుపిమ్మట హోల్కర్ జట్టును విడిచారు. ఒక పనిని మధ్యలో వదలక, పూర్తిచేసి అప్పగించడం అంటే ఇదే.

పూర్వీకుల నేల పిలుపు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. ఆ 1953-54 సంవత్సరంలోనే ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో తొలిసారి అడుగుపెట్టింది. పేరున్న ఆటగాళ్ళు లేని, అనుభవం లేని కొత్త జట్టు అది. దానికి సారథ్యం వహించడానికి 58 ఏళ్ళ నాయుడుగారు వచ్చారు. లార్డ్స్‌లో దేశాన్ని నడిపించిన వ్యక్తికి, వరుసగా ఫైనళ్ళు ఆడిన వ్యక్తికి, తొలి అడుగులు వేస్తున్న జట్టును నడిపించడంలో కొత్తగా వచ్చే కీర్తి ఏమీ లేదు. అయినా తాతతండ్రుల నేల నుండి వచ్చిన బాధ్యతను ఆయన కాదనలేదు. రెండు తరాల క్రితం వలస వెళ్ళిన కుటుంబపు బిడ్డ, తెలుగువారి తొలి జట్టుకు ముందు నిలిచి మైదానంలోకి నడిచిన ఘట్టం ఎల్లప్పుడూ స్మరించదగినది.

1956లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ బిరుదుతో ఆయనను సత్కరించింది. సత్కారాలు సాధారణంగా విశ్రాంతికి ముందుమాట. ఆయన విషయంలో అదీ జరగలేదు. 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టుకు నాయకత్వం వహించి, 61 ఏళ్ళ వయస్సులో రాజస్థాన్‌పై 84 పరుగులు చేశారు. రంజీ ట్రోఫీలో ఆయన చివరి ఇన్నింగ్స్‌లో సాధించినవి 52 పరుగులు. మనుమలను ఆడించుకొనే వయస్సులో మనుమల ఈడువారి బంతులను ఎదుర్కొని అర్ధశతకంతో ముగించారు. ఆటగాళ్ళ ఎంపిక సంఘంలో, క్రికెట్ మండలిలో కూడా బాధ్యతలు నిర్వహించారు. 1963-64లో ఒక సహాయార్థ పోటీలో మహారాష్ట్ర గవర్నరు జట్టు పక్షాన ఆడినప్పుడు ఆయనకు 68 ఏళ్ళు. 1916లో మొదలైన ప్రథమశ్రేణి ఆట ఆ విధంగా ఆరు దశాబ్దాలను స్పృశించి ముగిసింది. మొత్తం 207 పోటీలు, 11,825 పరుగులు, 26 శతకాలు, 411 వికెట్లు.

నేర్వవలసినది, నేర్వకూడనిది

ఈ జీవితాన్ని పిల్లలకు చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. దెబ్బ తగిలినా లేచి ఆడడమే వీరత్వమని, చికిత్సకు వెళ్ళడం పిరికితనమని వారు అర్థం చేసుకోకూడదు. నాయుడుగారి కాలంలో హెల్మెట్ లేదు. అది క్రికెట్‌లో వాడుకలోకి వచ్చినది 1970 దశకం చివరిలోనే. తలకు, ముఖానికి తగిలిన దెబ్బ మెదడుపై పైకి కనిపించని హాని కలిగించగలదని వైద్యశాస్త్రం ఈనాడు స్పష్టంగా చెబుతున్నది. తలకు దెబ్బ తగిలి మెదడు అదిరిన ఆటగాని స్థానంలో మరొకరిని దింపడానికి 2019 నుండి అంతర్జాతీయ క్రికెట్ నియమాలే అనుమతిస్తున్నాయి. కనుక పాఠశాల మైదానంలో బాలునికో బాలికకో దెబ్బ తగిలితే, ఆట ఆపించి వైద్యునివద్దకు తీసుకువెళ్ళడమే ఉపాధ్యాయుల ధర్మం. మాట వినడమే విద్యార్థి ధర్మం.

మరొక సందేహం కూడా ఆలోచనాపరులకు కలుగుతుంది. పెద్దవారు స్థానం విడువకుంటే యువకులకు చోటెక్కడిది? ఇది న్యాయమైన ప్రశ్న. నాయుడుగారి చరిత్రలోనే దీనికి సమాధానం ఉన్నది. తన సంస్థానంలో ఆయన యువకులను తయారుచేశారు. అక్కడ పని పూర్తి కాగానే ఆ జట్టును విడిచి, అనుభవజ్ఞుని అవసరమున్న చోటికి వెళ్ళారు. పదవి పెద్దదా, మైదానం పెద్దదా అని చూడలేదు. తన వలన ఎవరికి మేలు కలుగుతుందో చూశారు. దేశానికి ఆడినప్పుడు ఎంత శ్రద్ధ చూపారో, కొత్త రాష్ట్రపు కొత్త జట్టుకు ఆడినప్పుడూ అంతే శ్రద్ధ చూపారు.

విరమించడమా, తిరిగి రావడమా అన్న ప్రశ్నకు అందరికీ వర్తించే ఒకే సమాధానం లేదు. శరీరం సహకరించనప్పుడు సగౌరవంగా తప్పుకోవడంలో లోటు లేదు. శరీరం సహకరిస్తున్నప్పుడు పదవి పోయిందనో, వయస్సు మీరిందని ఎవరో అన్నారనో తప్పుకోవడం మాత్రం మనకు మనమే చేసుకొనే అన్యాయం. గాయం మాననివ్వవలెను. మానిన తరువాత ఎవరికోసం తిరిగి వెళుతున్నామో తెలిసి ఉండవలెను. ఈ వివేకం ఆటకు మాత్రమే పరిమితం కాదు. పరీక్షలో తప్పిన విద్యార్థికి, ఉద్యోగంలో దెబ్బతిన్న యువకునికి, వృద్ధాప్యంలో తాము ఎందుకూ పనికిరామని క్రుంగిపోయే పెద్దలకు కూడా ఇది వర్తిస్తుంది.

చిరస్మరణీయుడు

కర్నల్ కొట్టారి కనకయ్య నాయుడుగారు 1967 నవంబరు 14న, తన 72వ ఏట ఇందూరులో పరమపదించారు. ఆ రోజు దేశమంతా బాలల దినోత్సవం జరుపుకొనే రోజు కావడం యాదృచ్ఛికమే అయినా, బాలబాలికలకు ఆయనను గుర్తుచేసుకోవడానికి అదొక మంచి సందర్భం. ఆయన కుమార్తె చంద్రా నాయుడుగారు మన దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా పేరుపొంది, తండ్రి జీవితాన్ని గ్రంథస్థం చేశారు. 1996లో భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో తపాలా బిళ్ళ విడుదల చేసింది. క్రికెట్ మండలి జీవితకాల సాధనకు ఇచ్చే అత్యున్నత పురస్కారానికి ఆయన పేరే పెట్టారు. 1994లో ఆ పురస్కారం తొలిసారి అందుకొన్నది, బొంబాయి టెస్టులో ఆయన అండతో శతకం చేసిన లాలా అమర్‌నాథ్‌గారే. అరవై ఎనిమిదవ ఏట వరకు ఆడిన ఆయన పేరు మీదనే యువ క్రీడాకారుల జాతీయ పోటీ జరుగుతున్నది.

కనియంబాడి, వేలూరు, గుడియాత్తం ప్రాంతాలలో తరతరాలుగా తెలుగు మాట్లాడుతూ, తమిళనేలను తమ నేలగా ప్రేమిస్తూ జీవిస్తున్న కుటుంబాలకు నాయుడుగారి జీవితం దగ్గరి బంధువు జీవితం వంటిది. పుట్టినది నాగపూరు, మెట్టినది ఇందూరు, మూలం మచిలీపట్నం. ఉన్నచోటికి నిష్ఠగా సేవచేస్తూ, పూర్వీకుల నేల పిలిచినప్పుడు కాదనకుండా వెళ్ళిన వ్యక్తి ఆయన. డెబ్బై అయిదు సంవత్సరాలు నిండిన ఒక పాఠశాల తన వయస్సును తలచుకొనే ఈ శుభసమయంలో ఆయన చరిత్ర మరింత అర్థవంతమౌతుంది. వయస్సు పెరిగినకొద్దీ పని తగ్గవలెనన్న నియమం మనుషులకూ లేదు, సంస్థలకూ లేదు. చేయవలసిన పని ఎదుట ఉన్నంతకాలం, చేయగల శక్తి ఉన్నంతకాలం, క్రీజులో నిటారుగా నిలిచిన ఆ తెలుగు వీరుని వలె నిలబడి ఉండడమే మనం ఆయనకు అర్పించగల నివాళి.